చైన్ కవర్ విప్పేశాను, ఇంట్లో గొడవ మొదలైంది

ప్రశ్న: కోనసీమ నుంచి ఒక పాఠకుడు పెద్ద ఉత్తరమే రాశారు. పేరు వేయవద్దన్నారు. ఆయనది ఎరువుల వ్యాపారంలో ఉద్యోగం, రోజూ చుట్టుపక్కల ఊళ్లన్నీ మోటారు సైకిలు మీదే తిరగాలి. బండి నాన్నగారు వాడి ఇచ్చినది, వంద సీసీది. రెండు నెలల కిందట చైన్ కవర్ గడగడలాడుతుంటే మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లారు. ఆయన పై ముక్క, కింది ముక్క రెండూ విప్పి పక్కన పెట్టి, "పెద్ద బళ్లకి ఇవేమీ ఉండవండి, రేసు బళ్లకి అసలే ఉండవు, చైన్ ఎదురుగా కనపడుతుంటే నూనె వేసుకోవడం కూడా తేలిక" అన్నారట. శబ్దం పోయింది. ఆదివారం పూట చైన్ శుభ్రం చేసుకోవడం పాఠకుడికి ఇష్టమైన పనిగా మారింది. అయితే ఆ సాయంత్రమే నాన్నగారు కవర్ ఏదని అడిగారు, తిరిగి బిగించేదాకా ఆ బండి ఎక్కనన్నారు, అన్నట్టే అప్పటి నుంచి సంతకు కూడా ఆటోలోనే వెళ్లి వస్తున్నారు. అమ్మగారిదీ అదే మాట. భార్య ప్రైవేటు స్కూల్లో టీచరు, ఉదయం ఆమెను స్కూలు దగ్గర దింపేది ఈయనే. ఆమె ఈ గొడవలో ఏమీ అనడం లేదు. "ఒకసారి మాత్రం చీర అంచుకు నల్లటి మరక పడిందని, లాగినట్టయిందని చెప్పింది, చూసుకుని కూర్చోమన్నాను" అని ఆమె గురించి ఒక్క వాక్యం రాశారు. నాలుగేళ్ల పాప ఉంది. చైన్ కవర్ నిజంగా అవసరమా, శారీ గార్డు ఉంది కదా అది చాలదా, పైన సగం గార్డు పెట్టించి సరిపెట్టవచ్చా, చట్టం ఏమంటుంది అని అడిగారు. చివర్లో తన బాధ చెప్పుకున్నారు: "సంపాదించుకుంటున్నవాణ్ణి, నేను నడిపే బండికి ఏది ఉండాలో కూడా నాన్నే చెప్పాలా?"

సమాధానం: మీ ఉత్తరమంతా చదివాక నేను తిరిగి వెనక్కి వెళ్లి చదువుకున్నది మీ భార్య చీర గురించి మీరు రాసిన ఆ ఒక్క వాక్యమే. నాన్నగారి పట్టుదల గురించి, మెకానిక్ మాటల గురించి చాలా రాసి, దీన్ని మాత్రం దారిలో చెప్పి వదిలేశారు. ఆ నల్లటి మరక చైన్ నూనెది. చీర అంచు చైన్‌కు తగిలే ఉండాలి. లాగినట్టయిందని ఆమె అన్నారంటే తగలడంతో ఆగలేదు, చైన్ గుడ్డను ఒక్క క్షణం పట్టుకుని వదిలేసింది. కవర్ లేకపోతే ప్రమాదం ఉంటుందా ఉండదా అని మీ ఇంట్లో రెండు నెలలుగా వాదించుకుంటున్నారు గానీ, ఆ ప్రశ్నకు జవాబు ఆ రోజే ఆ చీర అంచు మీద పడింది. అందుకే మిగిలిన ప్రశ్నలన్నిటికీ అక్కడి నుంచే మొదలుపెడతాను.

మన బళ్లలో చైన్ దాదాపు ఎప్పుడూ ఎడమ వైపే ఉంటుంది. చీర కట్టుకున్నవారు ఒక పక్కకు తిరిగి కూర్చున్నప్పుడు కాళ్లు వేలాడేది కూడా ఆ ఎడమ వైపే. అంటే మీ భార్య మడమకు, చీర కుచ్చిళ్లకు అందేంత దూరంలోనే చైన్ తిరుగుతూ ఉంటుంది, ఆమె కూర్చున్న చోటి నుంచి చూస్తే అది కనపడదు. ఒక చేత్తో వెనక కడ్డీనో మీ భుజాన్నో పట్టుకుని, రెండో చేత్తో బ్యాగునో పాపనో పట్టుకున్న మనిషికి కింద ఏం జరుగుతోందో చూసే అవకాశం ఎక్కడిది? మీరు ఆమెకు చెప్పిన "చూసుకుని కూర్చో" అన్న జాగ్రత్త ఆచరణలో సాధ్యమయ్యేది కాదు. బండి నుంచి తీసేసిన రక్షణను ఆమె చేతుల్లో పెట్టినట్టయింది, ఆ చేతులేమో ఖాళీగా లేవు.

ఇక చైన్ గుడ్డను ఎక్కడ పట్టుకుంటుందో చూద్దాం, ఎందుకంటే మీరడిగిన సగం గార్డు ప్రశ్నకు సమాధానం అందులోనే ఉంది. బండి ముందుకు పోతున్నప్పుడు చైన్ పై వరస వెనక నుంచి ఇంజను వైపు వస్తుంది, కింది వరస ఇంజను నుంచి వెనక చక్రం వైపు పోతుంది. చైన్ పళ్ల చక్రం మీదికి ఎక్కే చోటే గుడ్డకూ వేలికీ ప్రమాదం, దిగే చోట అంత ఉండదు. ముందున్న చిన్న పళ్ల చక్రం మీదికి అది పై నుంచి ఎక్కుతుంది, ఆ చోటును ఇంజను పక్కనుండే మూత కప్పేస్తుంది. వెనకున్న పెద్ద పళ్ల చక్రం మీదికి మాత్రం కింది నుంచి ఎక్కుతుంది. పైన మాత్రమే ఉండే సగం గార్డు కాలు జారి చైన్ మీద పడకుండా, పై నుంచి జారిన గుడ్డ నేరుగా తగలకుండా అడ్డుకుంటుంది గానీ, కిందికి వేలాడే కుచ్చిళ్లను, చున్నీ కొసను, వాన కోటు అంచును లోపలికి లాక్కునే ఆ కింది మూలను తెరిచే ఉంచుతుంది. మీ బండికి కంపెనీ ఇచ్చిన కవర్‌లో కింది ముక్క ఉన్నది ఆ మూల కోసమే.

అది ఎంత వేగంగా లాగుతుందో ఒక చిన్న లెక్క వేయండి. వెనక పళ్ల చక్రానికి సుమారు 40 పళ్లుంటాయి, మీ బండి తరహా చైన్‌లో ఒక్కో పంటికి అర అంగుళం చొప్పున పోతుంది, కనక చక్రం ఒక చుట్టు తిరిగితే 20 అంగుళాలు, అంటే సుమారు అర మీటరు చైన్ కదులుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ఆ చక్రం సెకనుకు ఆరు చుట్లు తిరుగుతుంది. అంటే సెకనులో దాదాపు మూడు మీటర్ల చైన్. చున్నీ పొడవు రెండున్నర మీటర్లకు మించదు. కొస చిక్కిందని వెనకున్న మనిషి గ్రహించి, అరిచి, అది మీకు వినపడి, మీరు బ్రేకు మీద కాలు వేసేలోపే చున్నీ మొత్తం లోపలికి పోయే వ్యవధి అది. చున్నీని మెడకు చుట్టుకుని రెండు కొసలూ వెనక్కి వదిలేవారికి జరిగేది పడిపోవడంతో ఆగదు, మెడకు ఉరి పడుతుంది. ఇలాంటి కేసులు మన ఆసుపత్రుల్లోని డాక్టర్లకు కొత్తవి కావు.

శారీ గార్డు ఉంది కదా అన్నారు. ఉండటం మంచిదే, దాన్ని మాత్రం ఎప్పటికీ విప్పకండి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన వెనక కూర్చునేవారి బట్టలు చక్రంలో చిక్కుకోకుండా వెనక చక్రంలో కనీసం సగం కప్పే రక్షణ ఉండాలని చెబుతుంది, పట్టుకోవడానికి కడ్డీ, కాలు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్టు కూడా ఉండాలంటుంది. శారీ గార్డు ఆ నిబంధన కింద వచ్చినది. అది చక్రం ఊచల్లోకి గుడ్డ పోకుండా ఆపుతుంది. చైన్ కింది వరస దాని పరిధిలోకి రాదు. ఈ రెండూ రెండు వేర్వేరు చోట్లకు కాపలా, ఒకటి ఉందని రెండోదాన్ని తీసేయడం కుదరదు. చట్టం సంగతి అడిగారు గానీ, ఈ విషయాన్ని చలానాతో కొలవకండి. రోడ్డు మీద ఎవరూ ఆపి అడగరన్న ధైర్యంతో కవర్ విప్పినవారే మన ఊళ్లలో ఎక్కువ.

మీ మెకానిక్ మాటల్లో నిజం లేకపోలేదు. పెద్ద బళ్ల చైన్‌లో ప్రతి లింకు దగ్గరా సన్నటి రబ్బరు రింగులుంటాయి, అవి లోపలి గ్రీజును బయటికి పోనివ్వవు, దుమ్మును లోపలికి రానివ్వవు. అందుకని ఆ చైన్‌ను తెరిచి ఉంచినా కొంత ఓర్చుకుంటుంది. మీ బండి చైన్ సాధారణంగా అలాంటిది కాదు. అయినా ఆ రబ్బరు రింగులు కాపాడేది చైన్‌ను, చీరను కాదు. పెద్ద బళ్లకు ఏమీ ఉండదన్నదీ సరికాదు, పైన గార్డు ఉంటుంది, ఇంజను దగ్గర మూత ఉంటుంది. రేసు బళ్ల విషయంలోనైతే ఆయన మాట పూర్తిగా తలకిందులైంది. అంతర్జాతీయ మోటారు సైకిల్ పోటీల నిబంధనల్లో, చైన్ కింది వరస వెనక పళ్ల చక్రాన్ని కలిసే చోట ఏదీ ఇరుక్కోకుండా గార్డు తప్పనిసరి అని స్పష్టంగా ఉంది. తోలు దుస్తులు వేసుకుని, వెనక ఎవరినీ ఎక్కించుకోని రేసు రైడర్ల బళ్లకే ఆ మూలను కప్పాలంటున్నప్పుడు, చీర కట్టుకున్న టీచరునీ నాలుగేళ్ల పాపనీ ఎక్కించుకునే మీ బండికి వద్దనడానికి ఆధారమేముంది?

ఇప్పుడు అసలు గొడవకు కారణమైన ఆ గడగడ. కవర్ తనంతట తాను మోగదు. బోల్టుల దగ్గరి రబ్బరు వాషర్లు అరిగిపోయైనా ఉండాలి, కవర్‌ను పట్టుకునే క్లాంపు విరిగైనా ఉండాలి, ఎప్పుడో బండి పడినప్పుడు రేకు లోపలికి నొక్కుకుపోయైనా ఉండాలి, లేదా చైన్ బాగా లూజై ఊగుతూ కవర్‌ను లోపలి నుంచి కొడుతూ ఉండాలి. మొదటి మూడూ కొన్ని వందల రూపాయల్లో, ఒక పూటలో తీరే పనులు, కవర్ మరీ పాడైతే కొత్తది కూడా వందల్లోనే దొరుకుతుంది. నాలుగోదైతే ఆ శబ్దం మీకు ఒక హెచ్చరిక. కవర్ విప్పేశాక హెచ్చరిక వినపడటం మానేసింది, లూజు మాత్రం అలాగే ఉండిపోయి ఉండవచ్చు. ఈ ఆదివారం బండిని సెంటర్ స్టాండు వేసి, ఇంజను ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, కింది వరస మధ్యలో చైన్‌ను వేలితో పైకీ కిందికీ కదిపి చూడండి. ఈ తరహా బళ్లకు సాధారణంగా 20 నుంచి 30 మిల్లీమీటర్ల ఊగు ఉంటే సరి, మీ బండి పుస్తకంలో ఇచ్చిన అంకెనే ప్రమాణంగా తీసుకోండి. తర్వాత పెద్ద పళ్ల చక్రం వెనక అంచు దగ్గర చైన్‌ను వెనక్కి లాగండి. అది లేచి వచ్చి పంటిలో సగం దాకా బయటపడితే, లేదా పళ్ల కొనలు ఒక పక్కకు కొక్కెంలా వంగి ఉంటే, చైన్ స్ప్రాకెట్ సెట్టు, అంటే చైనూ రెండు పళ్ల చక్రాలూ, మొత్తం మార్చాల్సిందే. అరిగిన చైన్‌ను బిగించి కవర్ వేసినా మళ్లీ కొద్ది రోజులకే మోగుతుంది, అప్పుడు తప్పు కవర్ మీదికే పోతుంది.

చైన్ ఆరోగ్యం మాట కూడా చెప్పాలి, ఎందుకంటే దాన్ని శుభ్రంగా ఉంచుకోవాలన్న మీ తాపత్రయం మంచి గుణం. మీరు తిరిగేది కాలవ గట్లు, వరి చేల మధ్య దారులు. అక్కడి బంకమట్టి తడిలో చైన్‌కు పట్టుకుని, నూనెతో కలిసి లింకులను లోపల్నుంచి అరగదీస్తుంది. తెరిచి ఉంచిన చైన్‌కు వాన కురిసిన ప్రతిసారీ సేవ చేయాల్సి వస్తుంది. కవర్‌లో ఉన్న చైన్ దుమ్మూ వానా తగలక ఎక్కువ కాలం మన్నుతుంది గానీ, కంటికి కనపడదు కనక మరచిపోయే ప్రమాదం ఉంది, కవర్ మీద నాకున్న ఫిర్యాదు ఇదొక్కటే. దానికీ దారి ఉంది. కింది ముక్కకు రబ్బరు బిరడా పెట్టిన చిన్న కిటికీ ఉంటుంది చూడండి. దాన్ని తీసి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఆ కిటికీలోంచే ఊగు చూడవచ్చు, నూనె డబ్బా మూతిని పెట్టి 90 నంబరు గేరు నూనె వేయవచ్చు. ఐదారు వందల కిలోమీటర్లకు ఒకసారి ఇలా చేసి, ఏడాదికి ఒకటి రెండు సార్లు, ముఖ్యంగా వానాకాలం అయ్యాక, కవర్ విప్పించి కిరసనాయిలుతో కడిగించి తిరిగి బిగించుకుంటే చాలు.

మీరు రాసిన ఆదివారం పని గురించి ఒక విషయం గట్టిగా చెప్పాలి. చైన్ తెరిచి ఉన్నవారిలో చాలామంది ఇంజను ఆన్ చేసి, గేరులో వేసి, తిరుగుతున్న చైన్‌కు గుడ్డ ఆనించి తుడుస్తారు. వేళ్లు తెగిపోయేది ఇలాగే. గుడ్డ చిక్కుతుంది, గుడ్డతో పాటు వేళ్లు వెళ్తాయి. మీరు అలా చేస్తున్నారో లేదో రాయలేదు. చేస్తుంటే ఈ రోజుతో మానేయండి. తాళం తీసి జేబులో వేసుకుని, న్యూట్రల్‌లో, చక్రాన్ని చేత్తో వెనక్కి తిప్పుతూ, కింది వరస మీద బ్రష్షు పెట్టండి. వెనక్కి తిప్పినప్పుడు కింది వరస పెద్ద పళ్ల చక్రం నుంచి దూరంగా పోతుంది కనక బ్రష్షును లోపలికి లాగదు. అప్పుడు పై వరస మీద మాత్రం చెయ్యి ఉండకూడదు. పాప ఇంటి ముందు ఆడుకునే వయసులో ఉంది. సెంటర్ స్టాండు మీద ఉన్న బండి చక్రాన్ని తిప్పి ఆడటం పిల్లలందరికీ సరదా, చైన్ తెరిచి ఉంటే ఆ సరదాకు చిన్న వేళ్లే బలవుతాయి. కనక చైన్ బయట ఉన్నన్నాళ్లూ బండిని సైడు స్టాండు మీదే ఉంచండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు చెబుతాను, ఎంచుకోవలసింది మీరే.

కంపెనీ ఇచ్చిన రెండు ముక్కల కవర్‌నే బాగు చేయించో, కొత్తది కొనో బిగించడం మొదటిది. నా మొగ్గు ఇటే. ఖర్చు తక్కువ, నాన్నగారు, అమ్మగారు, భార్య, పాప అందరూ నిశ్చింతగా ఎక్కుతారు, చైన్ మన్నుతుంది. చైన్ ఎదురుగా కనపడదన్న లోటు మిగులుతుంది, ఆదివారం ముచ్చట కిటికీకి పరిమితమవుతుంది.

పైన సగం గార్డు పెట్టించి, వెనక పళ్ల చక్రం కింది మూలకు ప్రత్యేకంగా చిన్న రేకు తయారు చేయించడం ఇంకొకటి. మీకు ఇష్టమైనట్టు చైన్ కనపడుతుంది. కానీ ఆ రేకును స్వింగ్ ఆర్మ్‌కు, అంటే వెనక చక్రాన్ని పట్టుకుని ఉండే చట్రానికి, గట్టిగా, అంచులు కోసుకోకుండా, చైన్ టైట్ చేసినప్పుడు తగలకుండా బిగించగల పనివాడు కావాలి. సగం వదులైన రేకు చైన్‌లో పడితే చక్రమే బిగుసుకుపోవచ్చు. ఆ పైన వెనక కూర్చునేవారు ప్రతిరోజూ కొంగు దోపుకుని, చున్నీకి పిన్ను పెట్టుకుని, వీలైతే రెండు వైపులా కాళ్లు వేసి కూర్చోవాలి. అంటే రక్షణలో కొంత భాగం మళ్లీ మీ భార్య జాగ్రత్త మీదే పడుతుంది.

ఇప్పుడున్నట్టే తెరిచి ఉంచి మీరొక్కరే నడుపుకోవడం కూడా ఉంది. మాట వరసకు బాగుంటుంది గానీ మీ ఇంట్లో నిలబడదు. స్కూలుకు ఆలస్యమైన ఒక ఉదయం, జ్వరం వచ్చిన ఒక రాత్రి ఆ నియమం పోతుంది. పైగా ఒంటరిగా వెళ్లినా మీకు వాన కోటు ఉంది, సాయంత్రం లుంగీతో కొట్టు దాకా వెళ్లే అలవాటు మన వైపు అందరికీ ఉన్నదే.

ఆమెకు విడిగా స్కూటీ కొనడం గురించి మీరు రాయలేదు గానీ, కొందరికి అది నప్పుతుంది. గేర్లు లేని స్కూటర్లలో బయటికి కనపడే చైన్ ఉండదు. అయితే అది వేలల్లో ఖర్చు, కవర్ బిగించే ఖర్చుతో పోల్చదగినది కాదు, అందరూ కలిసి బయల్దేరే రోజున మళ్లీ ఈ బండే దిక్కవుతుంది. ఆమెకు నడపాలని ఉంటే ఆ కోరిక కోసం కొనండి. ఈ వాదన నుంచి తప్పించుకోవడానికి మాత్రం కొనవద్దు.

చివరికి నాన్నగారి సంగతి. మీ బాధ నాకు అర్థమైంది. కారణం చెప్పకుండా "బిగించేదాకా ఎక్కను" అంటే ముప్పై దాటిన ఏ కొడుక్కైనా కోపం వస్తుంది. ఆయన చెప్పిన తీరు మిమ్మల్ని నొప్పించిందన్నది వాస్తవం, చెప్పిన విషయం సరైనదన్నదీ వాస్తవం. రెండిటినీ ముడిపెట్టారు కనకే కవర్ బిగించడం మీకు ఓడిపోవడంలా కనపడుతోంది. ఆయన ఆ బండిని ఏళ్ల తరబడి నడిపారు, అమ్మగారిని వెనక ఎక్కించుకుని తిరిగారు. అంత పట్టుదల వెనక ఆయన కళ్లారా చూసిన సంగతి ఏదైనా ఉండవచ్చు. ఒకసారి దగ్గర కూర్చుని, "ఎందుకంత భయం నాన్నా, ఎక్కడైనా చూశారా?" అని అడగండి. ఆయన చెప్పేది వినండి, తర్వాత మీరు కనుక్కున్న కింది మూల సంగతి, ఊగు సంగతి మీరు ఆయనకు చెప్పండి. అప్పుడు అది ఇద్దరు బండి తెలిసినవాళ్ల మాట అవుతుంది. అంతకంటే ముందు అడగవలసిన మనిషి మీ భార్య. ఈ ఇంట్లో రోజూ ఆ చైన్ పక్కన కూర్చునేది ఆమె, ఇంతవరకు ఎవరూ ఆమె అభిప్రాయం అడిగినట్టు మీ ఉత్తరంలో లేదు. ఆమె మౌనాన్ని ఒప్పుకోలుగా తీసుకోకండి. అత్తమామలకూ భర్తకూ మధ్య గొడవ నడుస్తున్నప్పుడు కోడలు నోరు మెదపకపోవడానికి వేరే కారణాలుంటాయి. ఆమె భయపడుతున్నానంటే, ఆమె కోసమని కవర్ బిగించండి. అందులో మీరు ఎవరికీ తలవంచినట్టు కాదు.

ఏ దారి ఎంచుకున్నా పని పూర్తయ్యేదాకా ఆమెను పక్కకు కూర్చోబెట్టి తీసుకెళ్లవద్దు, కొన్నాళ్లు ఆటోనో బస్సో చూసుకోండి. తప్పనిసరై ఎక్కించుకుంటే చున్నీ మెడకు చుట్టకుండా ముందుకు తెచ్చి పిన్ను పెట్టుకోవాలి, కొంగు నడుముకు దోపుకోవాలి, పాప కాళ్లు ఎక్కడున్నాయో బయల్దేరేముందు మీరు చూడాలి. గుడ్డ చిక్కినట్టు అనిపిస్తే వెంటనే క్లచ్ పట్టి, బండి ఆపి, ఇంజను కట్టేయండి. మెడ దగ్గర బిగుసుకుంటే ముందు గుడ్డను కోసేయండి, దాని కోసం బండి పక్క డబ్బాలో ఒక చిన్న కత్తెర ఉంచండి. మెడకు సంబంధం లేకపోతే గుడ్డను బలంగా లాగకుండా చక్రాన్ని చేత్తో వెనక్కి తిప్పితే అది వచ్చేస్తుంది. వేలు గాని కాలు గాని ఇరుక్కుంటే మాత్రం చక్రాన్ని ఇటూ అటూ తిప్పవద్దు. 108కి ఫోను చేసి, దగ్గర్లో మెకానిక్ ఉంటే పిలిపించి చైన్ రెండు కొసలను కలిపే లాకు తీయించండి. ఈ తరహా చైన్‌లకు సాధారణంగా క్లిప్పు లాకే ఉంటుంది, పట్కారుతో అర నిమిషంలో ఊడివస్తుంది. అది ఎక్కడుందో, ఎలా తీయాలో కవర్ బిగించే ముందు ఒకసారి మెకానిక్‌ను అడిగి చూపించుకోండి.